మోత తిన్న చెవులకు నష్టపరిహారం: రాయగడ, కోరాపుట్ వైపు తెలుగు కార్మికులకు దారి

మా అమ్మ వంటింట్లోంచి "పప్పు తాలింపు పెట్టెయ్యనా?" అని అడిగేది. వరండాలో కూర్చున్న నాన్న "తలుపు వేసే ఉందే" అనేవాడు. మొదట్లో పిల్లలం నవ్వేవాళ్లం. తర్వాత అమ్మ కసురుకోవడం మొదలెట్టింది. ఆ తర్వాత ఎవరూ ఆయనతో పెద్దగా మాట్లాడడం మానేశారు, ఆయన కూడా మానేశాడు. అప్పటికి ఆయన ఒడిశాలో రాయగడ జిల్లాలోని ఒక ఫ్యాక్టరీ కంప్రెసర్ రూంలో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. చెవుల్లో గుయ్‌మని హోరు ఉందని మాత్రం రాత్రిళ్లు అనేవాడు. "వయసు కదా" అనుకున్నాం. అప్పుడాయనకి యాభై కూడా నిండలేదు.

పని మానేసిన నాలుగేళ్లకి నష్టపరిహారం గురించి తెలిసి లేబర్ ఆఫీసుకి వెళ్తే మూడు ప్రశ్నలు అడిగారు. ఎప్పుడు మొదలైంది? కంపెనీకి ఎప్పుడు చెప్పారు? అప్పటి పరీక్ష కాగితం ఏది? మూడింటికీ మా దగ్గర జవాబు లేదు. ఆ క్లెయిం నిలబడలేదు. అప్పటినుంచి ఈ పని మీద తిరుగుతున్నవాళ్లకి కాగితాలు రాసిపెడుతూ నేర్చుకున్నది ఇక్కడ వరసగా చెబుతాను.

ముందుగా ఒక మాట. చెయ్యి తెగితే రక్తం కారుతుంది, పక్కనున్న నలుగురూ చూస్తారు, ఆసుపత్రి రిజిస్టరులో తేదీ పడుతుంది. చెవి అలా కాదు, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పోతుంది. ఎవరూ చూడరు. అందుకే ఇక్కడ తేదీ వేసిన కాగితాన్నే గాయం లెక్కన చూస్తారు. ఆ కాగితం మీరు ఉద్యోగంలో ఉండగానే పుట్టాలి.

మోత వల్లే పోయిందని ఎలా పోల్చుకోవాలి

డ్యూటీలో చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడి మోత చెవికి హాని చేసే స్థాయిలో ఉన్నట్టే. రాళ్ల క్రషర్లు, కంప్రెసర్ గదులు, బాల్ మిల్లులు, పేపరు మిల్లుల్లో దుంగలు చెక్కే చిప్పర్లు, డీజిల్ జనరేటర్లు, గ్రానైట్ కోత, గనుల్లో డ్రిల్లింగ్ ఇవన్నీ ఆ కోవలోవే. మోతని డెసిబెల్ లెక్కన కొలుస్తారు. ఫ్యాక్టరీలకు పెట్టిన పరిమితి ఎనిమిది గంటలకి 90 డెసిబెల్. 95 అయితే నాలుగు గంటలు, 100 అయితే రెండు గంటలు, 105 అయితే ఒక గంట, 115 అయితే పావుగంట మాత్రమే. అంటే 100 డెసిబెల్ గదిలో పూర్తి షిఫ్ట్ చేసినవాడు మితికి నాలుగింతలు తిన్నాడన్నమాట.

లక్షణాలు ఒకేసారి రావు. షిఫ్ట్ దిగాక చెవులు దిబ్బెడ వేసినట్టు ఉండి తెల్లారేసరికి తేలికపడడం తొలి హెచ్చరిక. కొన్నేళ్లకి తెల్లారినా తేలికపడదు. తర్వాత మాట వినిపిస్తుంది గాని అర్థం కాదు. స, ష, చ, త లాంటి సన్నని ధ్వనులు ముందు పోతాయి, అచ్చులు మిగులుతాయి. అందుకే ఆడవాళ్ల మాట, పిల్లల మాట, ఫోనులో మాట ముందుగా జారిపోతాయి. పెళ్లి పందిట్లో నలుగురు మాట్లాడుతుంటే అసలు అందదు. మందిస్తే నయమయ్యేది కాదిది. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు.

మొదటి మెట్టు: ఆడియోగ్రాం

ఆడియోగ్రాం అంటే వినికిడి పరీక్ష ఫలితం గీసిన కాగితం. ఇక్కడే ఎక్కువ ఆగుతాను, ఎందుకంటే మిగతా అంతా దీని మీదే నిలబడుతుంది.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్లి "వినపడడం లేదు" అంటే చుక్కల మందు రాసి పంపేస్తారు. మీరు అడగాల్సింది "ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ, ఎయిర్ కండక్షన్, బోన్ కండక్షన్ రెండూ" అని. మాట నోటికి తిరగకపోతే చీటీ మీద రాసుకెళ్లండి. చప్పుడు చొరని చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి కూతలు వినిపిస్తారు. విన్న ప్రతిసారీ చెయ్యెత్తాలి. ఇరవై నిమిషాల పని. కోరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉన్నాయి. రైలెక్కగలిగితే విశాఖపట్నంలో ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి ఉంది. పరీక్ష చేసిన ఆడియాలజిస్టు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు కాగితం మీద ఉండేలా చూసుకోండి.

పరీక్షకి ముందు కనీసం పదహారు గంటలు మోతకి దూరంగా ఉండాలి. నైట్ షిఫ్ట్ దిగి తిన్నగా వెళ్తే వచ్చే లెక్కలో ఆ రాత్రి దిబ్బెడ కూడా కలిసిపోతుంది. రేపు ఎదుటి వకీలు ఆ ఒక్క కారణం చూపించి కాగితాన్ని పక్కన పెట్టిస్తాడు. వారపు సెలవు మర్నాడు పొద్దున్నే వెళ్లడం మంచిది. డ్యూటీ ఎప్పుడు దిగారో డాక్టరుకి చెప్పి చీటీలో రాయించుకోండి.

ఇప్పుడు ఆ కాగితాన్ని మీరే చదవడం నేర్చుకోండి. గళ్ల కాగితం మీద రెండు గీతలుంటాయి. ఎర్ర సున్నాలు కుడిచెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమచెవి. ఎడమ నుంచి కుడికి 250, 500, 1000, 2000, 4000, 8000 అని ఉంటాయి, అవి ధ్వని సన్నదనం. గీత ఎంత కిందికి దిగితే అంత నష్టం. మోత వల్ల పోయిన చెవిలో గీత మొదట దాదాపు తిన్నగా వెళ్లి 4000 దగ్గర గోతిలోకి దిగినట్టు దిగి, 8000 దగ్గర కొంచెం పైకి లేస్తుంది. ఆ గొయ్యే మీ సాక్షి. వయసు వల్ల పోయిన చెవిలో గీత 8000 వైపుకి జారుతూనే ఉంటుంది, మళ్లీ లేవదు. మోత దెబ్బ మామూలుగా రెండు చెవులకీ దాదాపు సమానంగా ఉంటుంది. నష్టం బాగా ముదిరాక మాత్రం ఈ గొయ్యి వెడల్పై వయసు గీతలో కలిసిపోతుంది, అప్పుడు విడదీసి చూపించడం కష్టం. తొందరగా పరీక్ష చేయించుకోమనడానికి ఇంకో కారణం ఇదే.

డాక్టరు సర్టిఫికెట్లో "వినికిడి లోపం" అని ఒక ముక్క రాస్తే చాలదు. కర్ణభేరి బాగుందనీ, చీము లేదనీ, లోపం నరానికి సంబంధించిందనీ, ఏ చెవికి ఎన్ని డెసిబెల్ అనీ, ఇన్నేళ్ల మోత పని చరిత్రకి ఇది సరిపోతోందనీ రాయమని మర్యాదగా అడగండి. మన ప్రాంతంలో మలేరియాకి క్వినైన్ పడినవాళ్లు, క్షయకి స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు చేయించుకున్నవాళ్లు చాలామంది. రెండూ చెవి మీద పనిచేసే మందులే. దాచకండి. ముందుగానే చెప్పి "ఫలానా ఏడు ఇంత కోర్సు వాడారు" అని రాయించుకుంటే, తర్వాత ఎదుటివాళ్లు బయటపెట్టి మిమ్మల్ని అబద్ధాలకోరుని చెయ్యలేరు.

రెండో మెట్టు: మీది ఈఎస్ఐ దారా, పరిహారం దారా

ఈ రెండు దారులు ఒకేసారి నడవవు. ఈఎస్ఐ కింద ఉన్న కార్మికుడు యజమాని నుంచి విడిగా ఉద్యోగుల పరిహారం అడగడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి ముందు ఇది తేల్చుకోండి.

ఈఎస్ఐ అంటే జీతంలోంచి చందా కట్టే ఉద్యోగుల రాష్ట్ర బీమా. నెల జీతం 21,000 లోపు ఉండి, పేస్లిప్‌లో ఈఎస్ఐ కోత పడుతుంటే మీది ఈఎస్ఐ దారి. మీ వాటా జీతంలో నూటికి 0.75, యజమాని వాటా 3.25. కోత లేకపోతే, లేదా జీతం ఆ గీత దాటితే, మీది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం దారి.

పేర్ల విషయంలో ఒక మార్పు గమనించాలి. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. ఈఎస్ఐ, పరిహారం రెండూ ఇప్పుడు అందులో అధ్యాయాలు. పరిహారం క్లెయింలు తేల్చే అధికారిని పాత చట్టం "కమిషనర్" అనేది, ఆయన్ని కోడ్ "కాంపిటెంట్ అథారిటీ" అంటుంది. అంతకు ముందే హక్కు పుట్టిన క్లెయింలకి పాత చట్టమే వర్తిస్తుంది. అసలు సరుకు పెద్దగా మారలేదు గనక అందరికీ అలవాటైన పాత పేర్లే ఇక్కడ వాడుతున్నాను. దరఖాస్తు పెట్టే రోజున ఏ ఫారం అని కౌంటర్లో అడిగి తీసుకోండి.

రెండు దారుల్లోనూ మనకి బలమైన మాట ఒకటుంది. వృత్తి వ్యాధుల షెడ్యూల్లో, బి భాగంలో, "మోత వల్ల వినికిడి లోపం" అని పేరు పెట్టి రాసి ఉంది. ఆ జబ్బుకి దారితీసే మోతలో ఒకే యజమాని దగ్గర తెగకుండా ఆరు నెలలు తక్కువ కాకుండా పనిచేసి ఉంటే, అది పనిలో జరిగిన ప్రమాదంతో సమానమే అని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించే బరువు అవతలివాళ్ల మీద పడుతుంది. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏ ప్రమాదమూ జరగలేదుగా" అనే సూపర్‌వైజర్ మాటకి ఇక్కడ విలువ లేదు.

ఈఎస్ఐ వాళ్లు ముందుగా తమ డిస్పెన్సరీలో, లేదా దగ్గరుంటే జేకేపూర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో చూపించుకుని పని చరిత్ర రాయించుకోవాలి. తర్వాత బ్రాంచి ఆఫీసుకి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. మామూలు గాయాలకి మెడికల్ బోర్డు చూస్తుంది, వృత్తి వ్యాధికి మాత్రం స్పెషల్ మెడికల్ బోర్డు కూర్చుంటుంది. సంపాదన శక్తి నూటికి ఎంత తగ్గిందో వాళ్లు తేలుస్తారు. దానికి తగ్గట్టు నెలనెలా వచ్చే భత్యం బతికున్నంత కాలం వస్తుంది. ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు దీనికి లేదు. బోర్డు వేసిన శాతం తక్కువనిపిస్తే మూడు నెలల్లోగా మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కి గాని, ఈఎస్ఐ కోర్టుకి గాని వెళ్లవచ్చు.

మూడో మెట్టు: పని చేసినట్టు రుజువు

మన వైపు సగం మంది కాంట్రాక్టు లేబరే. గేటులోపల పని ఒక్కటే, మేస్త్రీ ఒక్కడే, కాని కాగితం మీద కాంట్రాక్టర్ పేరు రెండేళ్లకోసారి మారుతుంది. మా నాన్నకి అలా అయిదు పేర్లు. రేపు ఆ కాంట్రాక్టర్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. భయపడకండి. కాంట్రాక్టర్ ద్వారా పని చేయించుకున్నా అసలు యజమాని, అంటే ఆ ఫ్యాక్టరీ, నేరుగా పరిహారం కట్టాలి. తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవడం వాళ్ల గొడవ. క్లెయింలో ఇద్దరినీ ప్రతివాదులుగా రాయండి.

దాచుకోవాల్సినవి: గేట్‌పాస్‌లు, పాతవి కూడా, వాపసు ఇచ్చేముందు రెండువైపులా ఫొటో తీసుకోండి. పీఎఫ్ పాస్‌బుక్, అందులో సంస్థ పేరు, నెలలు ఉంటాయి కాబట్టి కోర్టులో బాగా నిలబడుతుంది. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు. ఏ సెక్షన్లో, ఏ మెషీను దగ్గర, ఏ షిఫ్టులో ఎన్నేళ్లు అన్నది ఒక నోటుబుక్కులో మీ చేత్తోనే రాయండి. పక్కన పనిచేసిన ఇద్దరి పేర్లు రాసుకోండి, వీలైతే రిటైరైనవాళ్లవి. ఉద్యోగంలో ఉన్నవాడు సాక్ష్యానికి రావడానికి జంకుతాడు, తప్పుపట్టలేం.

ఆ గదిలో ఎంత మోత ఉందో చెప్పే కాగితం ఫ్యాక్టరీ దగ్గర ఉంటుంది. మోత పరిమితి దాటే చోట పెట్టిన కార్మికుడికి చేరిన 14 రోజుల్లో ఒకసారి, తర్వాత ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయించాలన్నది ఫ్యాక్టరీల నమూనా నిబంధనల్లో ఉంది. ఆ రికార్డు నకలు కావాలని రాసి అడగండి. ఇవ్వకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఒడిశాలో ఫారం ఎ నింపాలి, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ విభాగం మోత కొలతల రిపోర్టులు, తనిఖీ రిపోర్టులు అడగండి. "పరీక్షలు అసలు చెయ్యలేదు" అని జవాబొచ్చినా అది మీకే పనికొస్తుంది.

గనుల్లో పనిచేసేవాళ్లకి ఈ చిక్కు కాస్త తక్కువ. చేరేటప్పుడూ ఆ తర్వాత కాలానుగుణంగానూ చేసే వైద్య పరీక్షల కాగితాలు మైన్స్ రూల్స్ 1955 కింద ఫారం ఓ రూపంలో ఉంటాయి. మీ మొదటి ఫారం ఓలో చెవులు బాగున్నాయని ఉండి, చివరి దాంట్లో లేవని ఉంటే కేసు సగం గెలిచినట్టే.

నాలుగో మెట్టు: నోటీసు

కంపెనీకి ఎప్పుడు చెప్పారని లేబర్ ఆఫీసులో అడిగితే మా నాన్న దగ్గర లేని కాగితం ఇదే. పూర్తిగా పని మానకుండానే చెవి పోతున్నవాళ్లకి క్లెయిం వెయ్యడానికి ఉన్న రెండేళ్ల గడువు లెక్క నోటీసు ఇచ్చిన రోజునుంచి మొదలవుతుంది. చెవి బాధతో పనికి వెళ్లలేక సెలవు పెట్టిన వాళ్లకి, ఆ తెగని సెలవులో మొదటి రోజు నుంచి. పని మానేశాక రెండేళ్లలోపు లక్షణాలు బయటపడితే, మొదట కనిపెట్టిన రోజు నుంచి. ఆ రోజు నుంచి రెండేళ్లలో క్లెయిం వెయ్యాలి. దాటితే ఆలస్యానికి కారణం చెప్పి మాఫీ కోరవచ్చు, తగిన కారణం అనిపిస్తే ఒప్పుకుంటారు. "తెలియదు" అన్న ఒక్క మాట మీద ఆధారపడొద్దని మా ఇంటి అనుభవంతో చెబుతున్నాను.

నోటీసు పెద్దగా ఉండక్కర్లేదు. ఇంగ్లీషులోగాని ఒడియాలోగాని రాయించుకోండి, కాని విషయం ఇలా ఉండాలి:

"మేనేజర్ గారికి. నేను, ఫలానా, టోకెన్ నంబరు ఇంత, 2009 జూన్ నుంచి మీ ఫ్యాక్టరీ కంప్రెసర్ సెక్షన్లో పనిచేస్తున్నాను. అక్కడి మోత వల్ల నా రెండు చెవుల వినికిడి తగ్గింది. ఫలానా తేదీన ఫలానా ఆసుపత్రిలో చేసిన ఆడియోగ్రాం నకలు జత చేశాను. ఇది వృత్తి వ్యాధి. దీన్ని నోటీసుగా తీసుకుని నాకు రావలసిన నష్టపరిహారం చెల్లించగలరు. నన్ను మోత తక్కువ ఉన్న పనికి మార్చగలరు."

రెండు కాపీలు చేసి ఒకదాని మీద స్వీకరించినట్టు సీలు, తేదీ, సంతకం వేయించుకోండి. టైం ఆఫీసులో "పెద్దసారు లేరు, రేపు రండి" అంటారు. ఒక్కరోజు చూడండి, రెండో రోజు పోస్టాఫీసుకి వెళ్లి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రసీదు, అకనాలెడ్జ్‌మెంటు కార్డు ఆడియోగ్రాంతో కలిపి దాచండి. కాంట్రాక్టరుకి ఒకటి, ఫ్యాక్టరీకి ఒకటి. మేస్త్రీకి నోటిమాటగా చెప్పడాన్ని నోటీసు అనుకోవద్దు, ఆయన ఎంత మంచివాడైనా సరే.

నోటీసు అందాక మూడు రోజుల్లోగా కంపెనీ తన ఖర్చుతో తన డాక్టరు చేత మిమ్మల్ని పరీక్ష చేయించవచ్చు. వెళ్లండి. వెళ్లనంటే మీ హక్కు అంతవరకూ ఆగిపోతుంది. కాని అక్కడ చదవని కాగితం మీద సంతకం పెట్టకండి. మనలో చాలామందికి మాట్లాడడానికి ఒడియా వస్తుంది, చదవడానికి రాదు. "రొటీన్ చెకప్, సైన్ చెయ్యి బాబూ" అని ముందు పెట్టే కాగితంలో "నాకు చిన్నప్పటినుంచీ చెవుడు" అని ఉన్న సందర్భం నేను కళ్లారా చూశాను. ఫొటో తీసుకుని, బడిలో చదివే పిల్లల చేతైనా ఒకసారి చదివించుకుని, రేపు ఇస్తానని చెప్పి వచ్చెయ్యండి.

అయిదో మెట్టు: క్లెయిం ఎక్కడ వెయ్యాలి

సరిహద్దు మనుషులకి ఇది ముఖ్యం. పార్వతీపురం, కురుపాం, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి ఒడిశాలో పనిచేసి, చెవులు పోయాక ఊరెళ్లిపోయినవాళ్లు "మళ్లీ అక్కడికి వాయిదాలకి ఎవరు తిరుగుతారు" అని వదిలేస్తారు. వదలక్కర్లేదు. నష్టం జరిగిన చోటనే కాక, మీరు మామూలుగా నివసించే చోట కూడా క్లెయిం వెయ్యవచ్చు. యజమాని రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోట కూడా. అంటే రాయగడ ఫ్యాక్టరీ మీద ఆంధ్రలో మీ ప్రాంతపు కమిషనర్ దగ్గర తెలుగులోనే మాట్లాడుకుంటూ కేసు నడిపించుకోవచ్చు. రుజువుగా ఆధార్, రేషన్ కార్డు అక్కడివి ఉండాలి. ఒడిశాలోనే స్థిరపడినవాళ్లు జిల్లా లేబర్ ఆఫీసులో అడిగితే ఏ అధికారి దగ్గర వెయ్యాలో చెబుతారు.

వకీలు తప్పనిసరి కాదు. రిజిస్టరైన యూనియన్ నాయకుడు మీ తరఫున నిలబడవచ్చు. వకీలు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. పారిశ్రామిక కార్మికులకి, ఎస్సీ ఎస్టీలకి, ఆడవాళ్లకి, వికలాంగులకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. హెల్ప్‌లైను 15100. వచ్చిన డబ్బులో ఇంత వాటా అని మాట్లాడుకునే బ్రోకర్లు లేబర్ ఆఫీసు బయటే ఉంటారు. వాళ్లకి ఖాళీ కాగితం మీద వేలిముద్ర వెయ్యకండి.

మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో వాయిదాలు పడతాయి. ప్రతి వాయిదాకీ వెళ్లండి. తీర్పు నచ్చకపోతే హైకోర్టుకి 60 రోజుల గడువుంది, కాని చట్టపరమైన గట్టి ప్రశ్న ఉంటేనే వింటారు. యజమాని అప్పీలుకెళ్లాలంటే ముందు డబ్బు మొత్తం డిపాజిట్ కట్టాలి.

ఆరో మెట్టు: ఎంత వస్తుంది

లెక్క మీ చేతిలో ఉంటే ఎవరూ మోసం చెయ్యలేరు. నెల జీతంలో నూటికి 60 తీసుకుని, వయసుని బట్టి చట్టంలో ఉన్న గుణకంతో హెచ్చించాలి. జీతం ఎంత ఉన్నా 15,000 దాకానే లెక్కలోకి తీసుకుంటారు, 2020 జనవరి నుంచి ఆ పరిమితి. గుణకం 40 ఏళ్లకి 184.17, 45కి 169.44, 50కి 153.09, 55కి 135.56, 60కి 117.41.

యాభై ఏళ్ల మనిషి, జీతం 24,000, ఈఎస్ఐ లేదు అనుకుందాం. 15,000లో 60 శాతం 9,000. దాన్ని 153.09తో హెచ్చిస్తే 13,77,810. అది పూర్తి అశక్తతకి. రెండు చెవులూ పూర్తిగా వినపడకపోతే చట్టం నూటికి నూరు వేస్తుంది. సంపాదన శక్తి 30 శాతం తగ్గిందని డాక్టరు రాస్తే వచ్చేది 4,13,343. పరిహారం బాకీ పడిన రోజు నుంచి నెలలోగా కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే అసలులో సగం దాకా జరిమానా. ఈ రెండూ దరఖాస్తులోనే అడగాలి, మరిచిపోకండి.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. వికలాంగుల సర్టిఫికెట్లో ఉండే శాతం వేరు, సంపాదన శక్తి నష్టం శాతం వేరు. మొదటిది చెవిని కొలుస్తుంది, రెండోది ఆ చెవితో మీరు చేసే పని ఎంత పోయిందో కొలుస్తుంది. సైరన్ వినలేని క్రేన్ ఆపరేటరుకి, లారీ హారన్ వినలేని డ్రైవరుకి చెవి నష్టం నలభై అయినా పని నష్టం అంతకంటే ఎక్కువే. ఈ వాదనకి పునాది వేసిన కేసు మన పక్కూరిదే. 1968లో కోరాపుట్ జిల్లా జయపురంలో ఒక సినిమా హాల్లో పని చేస్తూ పడిపోయిన వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తీసేశారు. ఒక చెయ్యే కదా, పూర్తి అశక్తత ఎలా అవుతుందని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఒంటిచేత్తో వడ్రంగం చెయ్యలేడు కాబట్టి అది పూర్తి అశక్తతే అని 1975 డిసెంబరులో తీర్పు వచ్చింది. పరిహారం బాకీ పడేది తీర్పు రోజున కాదు, ప్రమాదం రోజునే అని కూడా ఆ తీర్పే చెప్పింది. ఈ రోజుకీ దేశమంతా దాన్ని చూపిస్తారు. కాబట్టి మీ డాక్టరు చేత చెవి శాతం ఒక్కటే రాయించుకోకండి, "ఈ మనిషి ఇక ఈ పనికి తగడు" అన్న మాట కూడా రాయించండి.

ఎదుటివాళ్లు అనే మాటలు

"ఇయర్‌ప్లగ్గులు ఇచ్చాం, పెట్టుకోలేదు" అన్నది మొదటిది. కావాలని రక్షణ సామగ్రి తీసేసినవాడికి పరిహారం లేదన్న నిబంధన ఉన్నమాట నిజం, పూర్తి శాశ్వత అశక్తతకి మాత్రం అది వర్తించదు. కాబట్టి అడగండి: ఏ తేదీన ఇచ్చారు, నా సంతకం ఉన్న రిజిస్టర్ ఏది, ఎలా పెట్టుకోవాలో ఎవరు చూపించారు? ఏడాదికో జత ఇచ్చి, చెమటకి గట్టిపడిపోయినవాటిని మార్చకపోతే అది రక్షణ కాదు. ఇచ్చినవి ఉంటే పారెయ్యకుండా ఉంచండి.

"పదివేలు ఇస్తాం, సంతకం పెట్టు, గొడవలొద్దు" అన్నది రెండోది. ఇల్లు గడవని రోజుల్లో చెయ్యి చాపాలనిపిస్తుంది. హక్కు వదులుకుంటున్నట్టు రాసిన ఏ ఒప్పందమూ చట్టం ముందు చెల్లదు. నిజంగా రాజీ పడాలనుకుంటే ఆ ఒప్పందం కమిషనర్ దగ్గర రిజిస్టరు కావాలి, మొత్తం మరీ తక్కువనిపిస్తే ఆయన రిజిస్టరు చెయ్యడు.

"పనిలోంచి తీసేస్తాం" అన్నది మూడోది. ఇది వినగానే చాలామంది ఆగిపోతారు, ఆగిపోవడం అర్థం చేసుకోగలను. అందుకే నోటీసులో డబ్బుతో పాటు పని మార్పు కూడా అడగమన్నాను. పరిహారం తీసుకోవడానికి ఉద్యోగం వదలాల్సిన పని లేదు. ఒంటరిగా వెళ్లకండి. అదే సెక్షన్లో మరో నలుగురికి ఇదే హోరు ఉంటుంది. అయిదుగురూ ఒకే వారం పరీక్ష చేయించుకుని ఒకే రోజు నోటీసులిస్తే మాట బరువు మారుతుంది. మోత వల్ల వినికిడి పోవడం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వ్యాధుల పట్టికలో ఉంది. వైద్యం చేసిన డాక్టరు, ఫ్యాక్టరీ మేనేజరు ఇద్దరూ ఇన్‌స్పెక్టరేట్‌కి తెలపాలి. ఆ సంగతి కూడా నోటీసు చివర ఒక వాక్యం రాయండి.

క్లెయిం నడుస్తుండగానే చెయ్యాల్సినవి రెండున్నాయి. సొంత జిల్లా ఆసుపత్రిలో వికలాంగుల గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టుకోండి. మెరుగైన చెవి శాతాన్ని అయిదుతో హెచ్చించి, రెండో చెవి శాతం కలిపి, ఆరుతో భాగించి మొత్తం వేస్తారు. 40 గాని అంతకు పైన గాని ఉంటే రాయితీలు దొరుకుతాయి. రెండోది, వినికిడి మెషీను. ఈఎస్ఐ వాళ్లకి ఈఎస్ఐ ఇస్తుంది, మిగతావాళ్లకి వికలాంగులకి పరికరాలిచ్చే, కేంద్రం నడిపే ఎడిప్ పథకం ఉంది. మోత చెవికి మెషీను పెట్టుకుంటే మొదటి నెల గిన్నెల చప్పుడు కూడా భరించలేనట్టు ఉంటుంది, మా నాన్న రెండుసార్లు తీసి గూట్లో పెట్టేశాడు. ఆడియాలజిస్టు దగ్గరికి మళ్లీ తీసుకెళ్లి సరిచేయించాం. మూడో నెలలో ఒకరోజు అమ్మ వంటింట్లోంచి పప్పు గురించే అడిగితే, "పెట్టెయ్, ఇంగువ కాస్త తగ్గించు" అన్నాడు.